కుదువ పెట్టిన భూమి, మారిన మాట

మన గూడేల్లో భూమి ఎలా పోయిందని అడిగితే చాలామంది పెద్దలు "అమ్ముకున్నాం" అనరు. "కుదువ పెట్టాం, మళ్ళీ చేతికి రాలేదు" అంటారు. ఈ రెండు మాటలూ ఒకటి కావు. అమ్మితే భూమి ఆ రోజే పోతుంది. కుదువ పెడితే భూమి మనదే, అప్పు తీరగానే తిరిగి రావాలి. రాలేదంటే ఒప్పందం మధ్యలో ఎక్కడో మారింది. అది ఎలా మారింది, దాన్ని ఆపడానికి ఏ చట్టాలు వచ్చాయి అన్నది మన పిల్లలకు తప్పక చెప్పాల్సిన చరిత్ర.

ముందు నాగు సంగతి చూద్దాం. వానలు పడే వేళకు ఇంట్లో గింజలు అయిపోతాయి. షావుకారు దగ్గర ఒక బస్తా వడ్లు నాగుకు తెస్తే పంట మీద బస్తాన్నర కొలవాలి. ఇదీ ఒప్పందం. ఆ ఏడు పంట పోతే బస్తాన్నరే అసలై కూర్చుంటుంది. దాని మీద మళ్ళీ సగం. రెండో పంటకు రెండుంబావు, మూడో పంటకు మూడు పైన, నాలుగో పంటకు ఐదు బస్తాలు. తెచ్చింది మాత్రం ఒక్కటే. వడ్డీ మీద వడ్డీ వేస్తానని తెచ్చిన రోజు ఎవరూ చెప్పలేదు. చిట్టా షావుకారుది, కొలిచే కుంచమూ ఆయనదే.

బాకీ పెరిగాక చేను కుదువలోకి వస్తుంది. "మూడు పంటలు నేను తింటా, తర్వాత చేను నీది" అన్నది నోటిమాట. కాగితం మీద రాసింది అమ్మకం. అప్పు కట్టి ఆస్తి విడిపించుకునే హక్కు తాకట్టు పెట్టినవారికి ఉంటుందని బ్రిటిష్ ఇండియాలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్పింది. అయితే అమ్మకంలా రాసిన కాగితాన్ని తాకట్టుగా ఒప్పుకోవాలంటే, తిరిగిచ్చే షరతు కూడా ఆ కాగితంలోనే ఉండాలని 1929లో సవరణ చేర్చారు. చదువుకున్నవారికి ఇది మంచి ఏర్పాటే. కోయ మాట్లాడే మనిషి తనకు రాని భాషలోని కాగితం మీద వేలిముద్ర వేస్తే మాత్రం, ఆ నోటిమాట కోర్టు గుమ్మం దాటదు.

ఈ అన్యాయానికి మనవాళ్ళు ఊరికే తల వంచలేదు. 1879లో మొదలైన రంప తిరుగుబాటుకు మన్సబుదారు వేధింపులు, కల్లు మీద పన్ను కారణాలని పుస్తకాల్లో చదువుతాం. వాటితోపాటు అప్పుల బాధ కూడా ఉంది. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు కొండవాళ్ళతో అన్యాయమైన ఒప్పందాలు చేసుకుని, సివిల్ కోర్టుల్లో దావాలు వేసేవారు. ప్రతివాది రాకుండానే డిక్రీలు తెచ్చుకుని పశువులనూ పంటనూ జప్తు చేసేవారు. ఆ తిరుగుబాటు మన పక్కనున్న భద్రాచలం తాలూకా రేకపల్లి దాకా పాకింది.

చట్టం రావడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది. మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చింది. కొండజాతులవారి అప్పు మీద ఏడాదికి 24 శాతం మించి వడ్డీ వేయకూడదు. వడ్డీ మీద వడ్డీ చెల్లదు. మొత్తం వడ్డీ అసలును మించకూడదు. నాగు లెక్కను దీనితో పోల్చి చూడండి. బస్తా తెచ్చినవాడు ఎన్నేళ్ళు గడిచినా రెండు బస్తాలకు మించి కట్టనక్కర్లేదు. ఏజెంటు రాతపూర్వక అనుమతి లేకుండా గిరిజనేతరుడికి చేసిన భూబదిలీ చెల్లదని కూడా అదే చట్టం చెప్పింది.

కానీ ఆ చట్టం గోదావరికి అవతల, భద్రాచలం వైపే. ఇవతల ఇల్లందు, పాల్వంచ, కొత్తగూడెం నిజాం రాజ్యంలో ఉన్నాయి. ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. రైలుతోపాటు వ్యాపారమూ వచ్చింది, కొత్త జనమూ వచ్చారు. భూమికి ధర పెరిగే కొద్దీ కుదువ పట్టిన చేను వదలబుద్ధి కాదు కదా! భూమి లేనివాడు అప్పు కింద తననో కొడుకునో జీతానికి పెట్టేవాడు. ఈ భగేలా ఒప్పందాలను అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లో నిబంధన చేసినా వెట్టి ఆగలేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణం ఇచ్చాకే ఆ ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను పంపి గిరిజనుల భూమి సంగతి విచారించింది.

తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 1959 భూబదిలీ నిబంధన వచ్చింది. అది 1963 డిసెంబర్ 1 నుంచి తెలంగాణ ఏజెన్సీకీ వర్తించింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో వడ్డీ వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలని 1960 నిబంధన చెప్పింది. 1970లో వచ్చిన సవరణనే మనం 1/70 అంటున్నాం.

1/70 అనగానే మనకు అమ్మకమే గుర్తుకొస్తుంది. కానీ ఆ నిబంధనలో "బదిలీ" అంటే అమ్మకం ఒక్కటే కాదు. స్వాధీనం ఇచ్చినా ఇవ్వకపోయినా తాకట్టు కూడా బదిలీయే, కౌలు కూడా బదిలీయే. కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతర షావుకారుకు చేను కుదువ పెట్టిన కాగితం మొదటి రోజు నుంచే చెల్లదు. షరతు మారిందా లేదా అన్న ప్రశ్న కూడా అక్కర్లేదు. ఆమోదం ఉన్న బ్యాంకులకూ సహకార సంఘాలకూ స్వాధీనం ఇవ్వకుండా పెట్టే తాకట్టుకు మాత్రం తర్వాత మినహాయింపు ఇచ్చారు. అక్కడ అప్పు తీరక వేలం వేసినా, భూమి గిరిజనులకే పోవాలి.

ఇంకో పెద్ద మార్పు రుజువు భారం. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచే వచ్చిందని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆయనే. కాగితం ఎప్పుడూ అవతలివాడి పెట్టెలోనే ఉన్న మనకు, ఆ ఒక్క వాక్యం ఎంత బలమో ఆలోచించండి. 1988లో సుప్రీంకోర్టు కూడా ఈ సవరణను నిలబెట్టింది. బినామీ పేర్లు, సాదా కాగితాలు ఇంకా పోలేదు. అయినా ప్రత్యేక ఉప కలెక్టర్ ముందు అర్జీ పెట్టే దారి తెరిచే ఉంది.

ఈ చరిత్ర ఇవాళ ఎందుకు అంటే, మన యువకులు ఇప్పుడు సింగరేణిలో, బడుల్లో, ఆఫీసుల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఇంటి కోసం బ్యాంకుల్లో, ఫైనాన్స్ కంపెనీల్లో తాకట్టు అప్పులు తీసుకుంటున్నారు. అక్కడా షరతు మధ్యలో మారుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. మారే వడ్డీకి అప్పు తీసుకున్నవారి మీద ఆ భారం పడింది. 20 ఏళ్ళకు, 7 శాతం వడ్డీకి 10 లక్షలు తీసుకుంటే నెల కిస్తీ సుమారు 7,753 రూపాయలు. మొదట్లోనే వడ్డీ 9 శాతమై, కిస్తీ మాత్రం అలాగే ఉంచితే అప్పు తీరడానికి సుమారు 38 ఏళ్ళు పడుతుంది. కిస్తీ మారలేదు కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. నాగు చిట్టా కూడా ఇలాగే కనపడకుండా పెరిగింది.

తేడా ఏమిటంటే, ఇప్పుడు అడిగే హక్కు ఉంది. వడ్డీ మారినప్పుడు కిస్తీ పెంచాలా, గడువు పెంచాలా అన్నది అప్పు తీసుకున్నవారిని అడగాలని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. అది మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి, చదివి వివరించాలి. అందులో లేని రుసుము మన ఒప్పుకోలు లేకుండా వేయకూడదు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. తమ తప్పు వల్ల ఆలస్యం చేస్తే రోజుకు 5,000 రూపాయల చొప్పున చెల్లించాలి. రాసి ఇచ్చిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు పంపవచ్చు. దీనికి ఫీజు లేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. ఎనిమిదో తరగతి చక్రవడ్డీ పాఠానికి పుస్తకంలోని లెక్కలతోపాటు నాగు లెక్కా చేయించండి, కిస్తీ లెక్కా చేయించండి. తర్వాత ఇంట్లో ఉన్న అప్పు కాగితాన్ని పిల్లల చేత పెద్దలకు చదివించండి. తేదీ, వడ్డీ, గడువు, సంతకం ఎవరిది అన్న నాలుగు సంగతులు అడిగితే చాలు. యువతకు చెప్పేది ఇంకా చిన్నది. ఏ కాగితం మీద సంతకం చేసినా దాని నకలు అదే రోజు మీ ఇంటికి రావాలి.