కళాశాల విద్యార్థినులకు వ్యాయామం: పుదుచ్చేరి చూపిన దారి

కళాశాలలో అడుగుపెట్టాక ఎందరో అమ్మాయిలు ఆటస్థలానికి దూరమవుతారు. తరగతులు, బస్సు ప్రయాణం, ఇంటిపని ముగిసేసరికి పొద్దు గూకుతుంది. దీనిని వారి బద్ధకంగా భావించరాదు. వ్యాయామానికి తగిన వేళ, చోటు దొరకకపోవడమే ప్రధాన అవరోధం.

2022లో భారతదేశంలో 57 శాతం మహిళలకు తగినంత శారీరక శ్రమ లేదని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో 2024లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది. పురుషుల్లో ఇది 42 శాతం. 18 నుంచి 64 ఏళ్ల వారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. కండరాలను బలపరిచే వ్యాయామం కనీసం రెండు రోజులు ఉండాలి.

ఈ విషయంలో పుదుచ్చేరి పట్టణానికి ఎనిమిది దశాబ్దాల అనుభవం ఉంది. శ్రీ అరవింద ఆశ్రమ పాఠశాల 1943 డిసెంబర్ 2న ప్రారంభమైంది. శ్రీమాతగా పేరొందిన మిర్రా అల్ఫాసా బాలబాలికలకు ఒకే విధమైన వ్యాయామ శిక్షణను ప్రవేశపెట్టారు. చీరలు, పరికిణీలు ఎక్కువగా వాడుకలో ఉన్న 1940వ దశకంలోనే అక్కడి ఆడపిల్లలు నిక్కర్లు, చొక్కాలు ధరించి మైదానంలో పరుగెత్తారు. డెబ్బై ఏళ్లు దాటాక కూడా శ్రీమాత టెన్నిస్ ఆడేవారు. అక్కడ వ్యాయామం పాఠ్యక్రమంలో భాగం. తీరిక ఉన్నవారి వినోదం కాదు.

నేటి మహిళా కళాశాలలకు ఈ అనుభవం ఉపయోగపడుతుంది. ఆటల వేళను తరగతుల తరువాత కాక కాలపట్టికలోనే చేర్చితే, దూరప్రాంతాల నుంచి వచ్చే విద్యార్థినులు బస్సు తప్పిపోతుందని భయపడనవసరం లేదు. దుస్తులు మార్చుకునే గది, శుభ్రమైన మరుగుదొడ్డి, మహిళా శిక్షకురాలు ఉంటే సంకోచం తగ్గుతుంది. పోటీ జట్లతో పాటు సాధారణ విద్యార్థినులకూ అవకాశం కల్పించాలి.

పట్టణంలోని సముద్రతీర రహదారిపై సాయంత్రం 6 గంటల నుంచి మరునాడు ఉదయం 7.30 వరకు వాహనాలను అనుమతించరు. స్నేహితురాళ్లతో కలిసి అక్కడ రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు వేగంగా నడిస్తే 150 నిమిషాలు పూర్తవుతాయి. పది నిమిషాల నడకా లెక్కలోకి వస్తుంది. నెలసరి రోజుల్లోనూ ఓపికను బట్టి తేలికపాటి వ్యాయామం చేయవచ్చు. రక్తహీనత, ఆయాసం ఉన్నవారు ముందుగా వైద్యులను సంప్రదించాలి.

ఇంట్లో తల్లిదండ్రులు ఆ అరగంటను చదువుకు ఆటంకంగా కాక, చదువులో భాగంగా గుర్తించడం ఎంతైనా అవసరం.