గుర్రం తన్నిన లెక్క

ఒక గణిత సూత్రం అచ్చయిన ఏడూ, అది నలుగురికీ పనికొచ్చిన ఏడూ ఒకటే కానక్కర్లేదు. సిమియాన్ డెనీ పాయిజాన్ 1837లో పారిస్‌లో ప్రచురించిన పుస్తకం నేర, సివిల్ తీర్పుల సంభావ్యత గురించినది. జ్యూరీలో ఎంతమంది ఏకీభవిస్తే తీర్పును నమ్మవచ్చు అన్నది అందులోని ప్రధాన ప్రశ్న. ఫ్రెంచి న్యాయశాఖ ఏటా అచ్చువేస్తున్న, 1825 నుంచి మొదలయ్యే నేరాల లెక్కలు ఆయన ముందున్నాయి, వాటిని వాడుకున్నాడు కూడా. మధ్యలో ఒకచోట, ఇన్ని ప్రయత్నాల్లో ఒక ఘటన ఎన్నిసార్లు జరగవచ్చో చెప్పే ద్విపద విభాజనంలో ప్రయత్నాల సంఖ్య బాగా పెరిగి, ఒక్కో ప్రయత్నంలో ఘటన జరిగే అవకాశం బాగా తగ్గితే ఏమవుతుందో చూస్తూ, ఇప్పుడు మనం ఆయన పేరుతో పిలిచే సూత్రాన్ని రాబట్టాడు. దాన్ని ఏ రిజిస్టరుతోనూ సరిపోల్చకుండానే ముందుకు సాగిపోయాడు. 1840లో కన్నుమూశాడు. ఆ తర్వాత అరవై ఏళ్లపాటు ఆ సూత్రం పెద్దగా ఎవరికీ పట్టలేదు. అది పనిముట్టుగా మారింది దస్తరాలు రాసిన గుమాస్తాల వల్ల, లెక్కపెట్టక తప్పని వృత్తుల వల్ల అన్నది ఈ వ్యాసంలో నా వాదన. పాఠ్యపుస్తకాలు ఈ సంగతి దాటవేస్తాయి కాబట్టే సంభావ్యత లెక్కలు పిల్లలకు గాలిలోంచి ఊడిపడ్డట్టు కనిపిస్తాయి.

పాయిజాన్ కంటే చాలా ముందే, 1711లో, అబ్రహాం డి మువావ్ర్ ఈ సూత్రం అంచుదాకా వచ్చాడు. ఫ్రాన్స్ నుంచి శరణార్థిగా లండన్ చేరి, గణితం పాఠాలు చెప్పుకుంటూ, జూదగాళ్ల సందేహాలు తీరుస్తూ బతికిన మనిషి ఆయన. జూదంలో పాచికలు ఎన్నిసార్లు వేశారో తెలుసు, ఒక్కోసారి ఆరు పడే అవకాశం ఎంతో తెలుసు. ఆ రెండూ తెలిసినప్పుడు ద్విపద విభాజనమే చాలు. పాయిజాన్ సూత్రం గొప్పతనం ఆ రెండూ తెలియని చోట బయటపడుతుంది. ఒక రౌతును గుర్రం తన్ని చంపే అవకాశం రోజుకు ఎన్నిసార్లు ఎదురవుతుంది, ఒక్కోసారి అది ఎంత? ఎవరూ చెప్పలేరు. ఏడాదికి సగటున ఎందరు చనిపోయారో మాత్రం చెప్పవచ్చు, సూత్రానికి ఆ సగటు ఒక్కటే కావాలి. అయితే సగటు తేలాలంటే ఎవరో ఒకరు ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో మరణాలు రాసిపెట్టాలి.

ప్రష్యా సైన్యం అలా రాసిపెట్టింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన లాడిస్లాస్ బోర్ట్‌కియేవిచ్ 1898లో జర్మన్‌లో ప్రచురించిన చిన్న పుస్తకంలో ఆ లెక్కలు బయటికి తీశాడు. 1875 నుంచి 1894 వరకు ఇరవై ఏళ్లు, 14 సైనిక దళాలు: ఒక దళానికి ఒక ఏడాది చొప్పున మొత్తం 280 నమోదులు. గుర్రం తన్నడం వల్ల చనిపోయినవాళ్లు 196 మంది. అంటే సగటు 0.7. ఒక్క మరణమూ లేని నమోదులు 144, ఒక మరణం ఉన్నవి 91, రెండు ఉన్నవి 32, మూడు ఉన్నవి 11, నాలుగు ఉన్నవి 2. ఇప్పుడు 0.7ను సూత్రంలో పెడితే వరసగా 139, 97, 34, 8, 1 వస్తాయి. ఆ ఇరవై ఏళ్లలో ఏదో ఒక దళంలో ఒకే ఏడాది నలుగురు చనిపోయినప్పుడు అక్కడి అధికారిని పిలిచి సంజాయిషీ అడిగి ఉంటే అది న్యాయంగానే కనిపించేది. పట్టిక మాత్రం, ఎవరి తప్పూ లేకపోయినా 280 నమోదుల్లో అలాంటివి ఒకటో రెండో ఉండాల్సిందే అంటోంది. రౌతుల చావులకు ఇలాంటి క్రమం ఉంటుందని రిజిస్టరు రాసిన గుమాస్తా కలలో కూడా అనుకుని ఉండడు.

ఇందులో మోసం ఉందనేవాళ్లున్నారు. చాలా పాఠ్యపుస్తకాల్లో కనిపించే పట్టిక 14 దళాలది కాదు, పదింటిదే: 200 నమోదులు, 122 మరణాలు, సగటు 0.61. ఒక్క మరణమూ లేని నమోదులు 109 కాగా సూత్రం 108.7 అంటుంది. ఒకటి ఉన్నవి 65, సూత్రం 66.3. ఇంత అందంగా కుదరడానికి కారణం నాలుగు దళాలను తీసెయ్యడమేనన్న ఆక్షేపణను కొట్టిపారెయ్యలేం. కానీ ఆ నాలుగింటి కూర్పు మిగతావాటిలాంటిది కాదని చెప్పి తీసేసింది బోర్ట్‌కియేవిచే, పూర్తి పట్టికను దాచిపెట్టనూ లేదు. పైన చూసిన 280 నమోదుల లెక్క కాస్త గరుకుగానైనా కుదురుతూనే ఉంది. రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. సంఖ్యలు ఇంత చిన్నవైనప్పుడు దళానికీ దళానికీ నిజంగా తేడా ఉన్నా అది పైకి కనిపించదు, కాబట్టి సూత్రం కుదరడం దేనికీ రుజువు కాదు అంటారు. ఇది ఒప్పుకోవలసిన మాటే. బోర్ట్‌కియేవిచ్ తన పుస్తకానికి చిన్న సంఖ్యల నియమం అని పేరు పెట్టింది కూడా ఈ గుణాన్ని చూసే. కుదరడమంటే ఎంత దగ్గరగా ఉండాలో కొలిచే కై-వర్గ పరీక్షను కార్ల్ పియర్సన్ తెచ్చింది 1900లో, ఆ పుస్తకం వచ్చిన రెండేళ్లకు.

అసలు సూత్రమే లేకపోతే రిజిస్టర్లు ఎన్ని ఉండి ఏం లాభం, గణితమే ముందు కదా అని అడగవచ్చు. జరిగింది చూస్తే ఆ మాట నిలవదు. లెక్కపెట్టే అవసరం వచ్చిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఈ సూత్రాన్ని మొదటినుంచి రాబట్టుకున్నారు. 1879లో జర్మనీలోని యేనాలో ఎర్నస్ట్ అబ్బే రక్తకణాల లెక్కింపులో పొరపాటు ఎంత ఉంటుందో తేల్చడానికి దాన్ని రాబట్టాడు. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో పనిచేసే విలియం గోసెట్‌కు ఈస్టు కొలత సమస్య అయింది. 400 గళ్ల గాజుపలక మీద సూక్ష్మదర్శినితో ఒక్కో గడిలో ఈస్టు కణాలెన్నో లెక్కపెట్టి, ద్విపద విభాజనం నుంచి ఇదే సూత్రానికి చేరుకుని, 1907లో స్టూడెంట్ అనే మారుపేరుతో ప్రచురించాడు. 1909లో ఎర్లాంగ్ కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీకి వచ్చే కాల్స్ ఇదే విభాజనంలో పడతాయని చూపాడు. మరుసటి ఏడు రూథర్‌ఫర్డ్, గైగర్ 2,608 సార్లు, ఒక్కోసారి ఏడున్నర సెకన్లపాటు ఆల్ఫా కణాలు లెక్కపెడితే, వాళ్ల వ్యాసానికి జతచేసిన గమనికలో బేట్‌మన్ సూత్రాన్ని మళ్లీ కొత్తగా కట్టాడు. రక్తం, బీరు, టెలిఫోను, రేడియోధార్మికత. ఇవేవీ పాయిజాన్ పుస్తకంలో లేవు.

యుద్ధకాలపు లండన్ ఉదాహరణను కాస్త జాగ్రత్తగా చూడాలి. 1944 జూన్‌లో జర్మన్ల వి-1 బాంబులు పడడం మొదలయ్యాక అవి గుంపులు గుంపులుగా పడుతున్నాయన్న మాట జనంలో పాకింది. ప్రుడెన్షియల్ బీమా కంపెనీలో ఆక్చువరీగా ఉన్న ఆర్. డి. క్లార్క్ దక్షిణ లండన్‌లో 144 చదరపు కిలోమీటర్లను 576 గళ్లుగా విడగొట్టి, అక్కడ పడిన 537 బాంబులను గళ్లలో లెక్కపెట్టాడు. ఒక్కటీ పడనివి 229 గళ్లు, సూత్రం చెప్పేది 226.74. ఒకటి పడినవి 211, సూత్రం 211.39. గురిచూసి కొట్టిన జాడ లేదని 1946లో ఆయన తేల్చాడు. కానీ లండన్ మొత్తాన్ని తీసుకుని ఉంటే ఇలా కుదిరేది కాదు. బాంబులు దక్షిణాన ఎక్కువగా, ఉత్తరాన తక్కువగా పడ్డాయి, అందుకే సాంద్రత సమంగా ఉన్న ప్రాంతాన్ని క్లార్క్ ఏరుకున్నాడు. తనకు అనుకూలమైన చోటు ఎంచుకున్నాడని దీన్ని తప్పుపట్టడం నాకు సబబుగా తోచదు. సగటు అంతటా ఒకటే అన్నది సూత్రం పెట్టే షరతు. అది ఎక్కడ వర్తిస్తుందో వెతకడమే ఈ పనిలో సగం.

రిజిస్టర్లలో అన్నీ ఎక్కవన్న చిక్కు ఒకటి మిగిలింది. దాని మీద పనిచేసినవారిలో తెలుగువారు ఒకరున్నారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన సి. ఆర్. రావు, 1964లో రూబిన్‌తో కలిసి 'సంఖ్య' పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. ప్రతి ఘటనా ఇతరవాటితో సంబంధం లేకుండా ఒకే అవకాశంతో లెక్కలోంచి తప్పిపోతుందనుకుందాం. ఏదీ తప్పిపోని సందర్భాల్లోనూ, కొన్ని తప్పిపోయిన సందర్భాల్లోనూ నమోదైన సంఖ్య ఒకే విభాజనాన్ని అనుసరిస్తే, అసలు సంఖ్య పాయిజాన్ విభాజనానికి చెందినదే అయి తీరుతుంది. లెక్కల్లో జరిగే నష్టమే విభాజనాన్ని పట్టిచ్చే ఆనవాలు అవుతుందన్నమాట.

మన ఇంటర్మీడియట్ గణితంలో ద్విపద, పాయిజాన్ విభాజనాలు రెండూ ఉన్నాయి. అక్కడి లెక్కల్లో సగటు ఇచ్చేసి సంభావ్యత అడగడం రివాజు. పాఠ్యపుస్తకాలు రాసేవారికి ఒక్క మనవి: 144, 91, 32, 11, 2 అన్న ఆ ఐదు సంఖ్యలూ అచ్చువేసి, సగటు పిల్లలనే తియ్యనివ్వండి, కుదిరిందో లేదో వాళ్లనే చెప్పనివ్వండి. ఒక పీరియడ్ చాలు.