అన్య సూర్యుని గ్రహము: రెండు సాక్ష్యములు

బైలాదిల్లా కొండల ఇనుపరాతిని మోసికొని కొత్తవలసకు దిగు రైలుమార్గము బస్తరు తెలుగువారికి సుపరిచితమే. ఆ దారి చేర్చు విశాఖపట్టణమున గోడే వేంకట జగ్గారావు 1840లో స్వంత ధనముతో వేధశాలను నెలకొల్పెను. ఆయన ఖగోళవిద్య నేర్చినది మద్రాసు వేధశాలాధికారి టేలరు వద్ద. అన్య సూర్యులకును గ్రహములు గలవా యను ప్రశ్నకు నేడు సమాధానమిచ్చుచున్న రెండు మార్గముల పూర్వరూపములు ఈ రెండు వేధశాలల చరిత్రలోనే కానవచ్చును.

మొదటిది మద్రాసునకు చెందినది. టేలరు తరువాత అధికారియైన కెప్టెన్ జేకబు సర్పధారి మండలమందలి 70వ సంఖ్యగల జంటనక్షత్రమును పరిశీలించెను. గణితము చెప్పిన దారినుండి దాని నడక కొంచెము తొలగినట్లు తోచెను. కంటికి కానరాని గ్రహమొకటి దానిని లాగుచుండుట మిక్కిలి సంభావ్యమని ఆయన 1855లో ప్రకటించెను. ఊహ గొప్పదే, సాక్ష్యము మాత్రము చాలలేదు. తరువాతి పరిశీలనలు ఆ గ్రహమును నిలబెట్టలేదు.

రెండవది విశాఖకు చెందినది. జగ్గారావు అల్లుడు అంకితం వేంకట నర్సింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా సాగుటను దుర్భిణితో వీక్షించెను. శుక్రుడు కప్పునది సూర్యబింబములో సుమారు వెయ్యింట నొక వంతు. సూర్యుడు సమీపమున నుండుటచే ఆ నల్లచుక్క మనకు కనబడును. దూరపు నక్షత్రము నెదుట గ్రహము నడచినచో చుక్క కనబడదు. నక్షత్రపు వెలుగు స్వల్పముగా తగ్గి మరల యథాస్థితికి వచ్చును.

ఈ రెండు మార్గములును 1999లో కలిసినవి. పెగాసస్ మండలమున సుమారు 160 కాంతిసంవత్సరముల దూరమున, సూర్యుని బోలిన హెచ్.డి. 209458 అను నక్షత్రము గలదు. అది చిన్న దుర్భిణికి సైతము అందును. దాని కాంతిరేఖల కదలికనుబట్టి, ఏదో యొకటి మూడున్నర దినముల కొకసారి చుట్టివచ్చుచు దానిని లాగుచున్నదని తేలెను. గ్రహమైనచో ఎప్పుడు అడ్డము రావచ్చునో లెక్క కట్టిరి. షార్బొనో బృందమును, హెన్రీ బృందమును వేర్వేరుగా చూడగా, చెప్పిన వేళకే వెలుగు నూటికి రెండు పాళ్లకు లోపుగా తగ్గెను.

రెండు సాక్ష్యములు ఏల కావలెను? వెలుగు తగ్గుట కొక జంటతార గ్రహణమైనను కారణము కావచ్చును. లాగుడు మాత్రమే చూచినచో గ్రహము యొక్క కనీసపు బరువు తెలియునే గాని పరిమాణము తెలియదు. నీడ పరిమాణమును, లాగుడు బరువును చెప్పగా, ఆ గ్రహము నీటికంటె తక్కువ సాంద్రతగల వాయుగోళమని స్థిరపడెను.

2018లో మన ఫిజికల్ రిసర్చ్ లాబొరేటరీ శాస్త్రజ్ఞులును ఈ పద్ధతినే అనుసరించిరి. కెప్లర్ నౌక నీడను చూపిన యొక గ్రహమును మౌంట్ ఆబూ నుండి తూచి, అది భూమికి సుమారు 27 రెట్ల బరువుగలదని నిర్ధారించిరి. జేకబు ఊహకు లోపించినది బుద్ధి కాదు, రెండవ సాక్షి. అందుచేతనే కనుగొనుట యొక దినము పని యైనను, నిర్ధారించుట తరముల పని యగుచున్నది.