బెలూన్ కింద వేలాడిన పొయ్యి

గాలిలో తేలే బెలూన్‌లో వంట చెయ్యాలంటే పొయ్యి ఎక్కడ పెట్టాలి? 1897లో స్వీడన్ వాళ్లు దీనికి చెప్పిన జవాబు తెలిసినప్పటి నుంచి, కనిపించినవాళ్లందరికీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఎస్. ఎ. ఆంద్రే అనే ఇంజనీరు మరో ఇద్దరిని వెంటేసుకుని బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి పోదామనుకున్నాడు. తల మీద హైడ్రోజన్ నింపిన పెద్ద సంచి. బుట్టలో అగ్గిపుల్ల గీస్తే ముగ్గురి కథా అక్కడితో సరి. అలాగని ఆ చలిలో వేడి తిండి లేకుండా ఎన్నాళ్లుంటారు? అందుకని ప్రైమస్ స్టవ్వుకు కొన్ని మార్పులు చేసి, తాడు కట్టి, బుట్టకు ఎనిమిది మీటర్ల కింద వేలాడేట్టు తయారుచేశారు. వెలిగించడం కూడా పైనుంచే. అంటుకుందో లేదో పైనున్నవాళ్లకు తెలియాలి కదా, స్టవ్వుకు ఏటవాలుగా ఒక అద్దం బిగించారు. అద్దంలో మంట కనిపిస్తే వంట మొదలైనట్టు.

నవ్వొచ్చింది కానీ, మేడారం జాతర ఎరిగినవాణ్ని కాబట్టి ఎక్కువసేపు నవ్వలేకపోయాను. జంపన్న వాగు ఒడ్డున ఇసుకలో ఐదు కిలోల సిలిండర్, దాని నెత్తిన బర్నర్, బర్నర్ మీద ఇరవై మందికి సరిపోయే కోడికూర గంజు, ఆ గంజు ఒరగకుండా చెరోపక్క గుడ్డలతో పట్టుకుని నిలబడ్డ బావాబామ్మర్దులు. ఇద్దరికి చాయ్ పెట్టడానికి పుట్టిన పొయ్యి మీద ఇంటిల్లిపాదికీ, బండిలో వెంటొచ్చిన పక్కింటోళ్లకూ వండాలనుకోవడం కొత్త బుద్ధేమీ కాదు. దాని పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ పోతే నాకు తోచిందేమిటంటే, మంట సంగతి ఎవరో ఒకరు ఎప్పుడో తేల్చేశారు. గిన్నె బరువు ఎవరు మోయాలన్న తగువే ఇప్పటిదాకా తెగలేదు.

ప్రైమస్ 1892లో స్టాక్‌హోంలో పుట్టింది. కన్నది ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే ఫ్యాక్టరీ మెకానిక్. అప్పటిదాకా కిరోసిన్ స్టవ్వులంటే వత్తులు, మసి. ఆయన వత్తి తీసిపారేశాడు. ఇత్తడి ట్యాంకులోకి పంపుతో గాలి కొడితే కిరోసిన్ గొట్టంలో పైకెక్కుతుంది, ముందే వేడెక్కి ఉన్న బర్నర్‌లో ఆవిరవుతుంది, సన్నటి రంధ్రంలోంచి బుస్సుమని చిమ్మి నీలంగా మండుతుంది. ఆ ముందు వేడి కోసం బర్నర్ చుట్టూ ఉన్న చిన్న పళ్లెంలో కాస్త స్పిరిట్ పోసి అంటించాలి. మన ఇళ్లలో పంపు స్టవ్వు వెలిగించినవాళ్లకు ఇదంతా చేతికి వచ్చిన విద్యే. మన పంపు స్టవ్వు ఆ ఇంటి బిడ్డే.

ఇక్కడి నుంచి 1930 దాకా నడిచిన కథంటే నాకు వల్లమాలిన ఇష్టం. నార్వే యాత్రికుడు నాన్సెన్ 1893లో ఫ్రాం నౌక ఎక్కినప్పుడు ప్రైమస్‌ను వెంట తీసుకుపోయాడు. ధ్రువప్రాంతంలో వంట మాట తర్వాత, ముందు తాగడానికి నీళ్లు కావాలి. చుట్టూ ఉన్నదంతా మంచే, దాన్ని కరిగించాలంటే నూనె కాలాలి. నాన్సెన్ పేరుతో స్థిరపడిన అల్యూమినియం కుక్కర్ ఈ లెక్కను అందంగా తేల్చింది. నడిమి గిన్నెలో కూర. దాని చుట్టూ కంకణంలా మరో గిన్నె, అందులో మంచు. అన్నిటి మీదా ఇంకో మూత గిన్నె, అందులోనూ మంచు. స్టవ్వు వేడి కూర గిన్నెను తాకి, పక్కనుంచి పైకెక్కి, బయటికి పోయేలోపు మూడు గిన్నెలకూ పనిచేసి పోయేది. మంటను పెంచలేదు, పోయే వేడిని పట్టుకున్నారంతే. తర్వాత ధ్రువాల దారి పట్టిన స్కాట్, అముండ్‌సెన్, షాకిల్టన్ అందరూ ఇదే పద్ధతి పట్టారు.

షాకిల్టన్ పడవలో జరిగిన వంటైతే చదివిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. ఆయన ఓడ మంచులో నలిగి మునిగింది. ఎలిఫెంట్ దీవిలో ఇరవై రెండు మందిని వదిలి, సాయం తెస్తానని 1916 ఏప్రిల్ 24న ఆరుగురు జేమ్స్ కెయిర్డ్ అనే చిన్న పడవలో బయల్దేరారు. దక్షిణ జార్జియా దాకా దాదాపు పదిహేను వందల కిలోమీటర్ల సముద్రం. పడవ క్షణం నిలకడగా ఉండదు. వంటమనిషి టామ్ క్రీన్. పైకప్పుగా కప్పిన గుడ్డ కింద తల ఎత్తడానికి చోటు లేదు. ఇద్దరు ఎదురెదురుగా నడుం వంచి కూర్చుని పాదాలతో ప్రైమస్‌ను నొక్కి పట్టాలి, అల వచ్చి పడవ ఎగిరినప్పుడల్లా గిన్నెను చేత్తో లేపి పట్టుకోవాలి. ఒక్క చిన్న స్టవ్వు, ఆరుగురి కడుపులు. గిన్నె బరువు మోసినవి మనుషుల కాళ్లూ చేతులే. మే 10న ఒడ్డు చేరారు. దీవిలో మిగిలినవాళ్లందరినీ ఆగస్టు 30న ప్రాణాలతో తీసుకొచ్చారు. ఆ యాత్ర కథల్లో నాయకత్వం గురించి చెప్పినంతగా ఆ స్టవ్వు గురించి చెప్పరు. నాకది అన్యాయమనిపిస్తుంది.

ఆంద్రే బృందానికి అంత అదృష్టం దక్కలేదు. బెలూన్ మూడు రోజులైనా నిండకుండా మంచు మీద దిగిపోయింది. నెలల తరబడి నడిచి క్విటోయా అనే దీవి చేరి అక్కడే ముగ్గురూ చనిపోయారు. ఆ సంగతి ముప్పై మూడేళ్ల తర్వాత, 1930లో ఒక నార్వే నౌక అటు పోయినప్పుడు గానీ లోకానికి తెలియలేదు. వాళ్ల డైరీలు, ఫిల్ములతో పాటు ప్రైమస్ కూడా దొరికింది, అందులో ఇంకా కిరోసిన్ ఉంది. తిండి ఉంది, నూనె ఉంది, మరి ఎందుకు పోయారు? స్టెఫాన్సన్ అనే ధ్రువ యాత్రికుడు ఒక ఊహ చెప్పాడు: మంచు కమ్మిన గుడారంలో గాలి ఆడక, వెలుగుతున్న స్టవ్వు నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ చంపి ఉండొచ్చని. ఇంకా పది ఊహలున్నాయి, ఏదీ తేలలేదు. కానీ జాతరలో చలికి గుడారం తలుపు కట్టేసి లోపల స్టవ్వు వెలిగించేవాళ్లు ఈ ఒక్క ఊహను మాత్రం గుర్తుపెట్టుకుంటే మంచిది. ఆ వాయువుకు వాసన ఉండదు.

ఎవరెస్టు సంగతి చెప్పకపోతే ప్రైమస్ అభిమానులు ఊరుకోరు. 1953 మే 29 తెల్లవారుజామున, దాదాపు 8,500 మీటర్ల ఎత్తులో హిల్లరీ బూట్లు కొయ్యల్లా గడ్డకట్టాయి. ఆయన వాటిని ప్రైమస్ మంట మీద కాచి మెత్తబరిచి కాళ్లకు తొడుక్కున్నాడు. ఆ పొద్దున ఆ స్టవ్వు మీద బూట్లు కూడా వండారనుకోవచ్చు.

వెనక్కి పోతే దీనికి ఒక పెదనాన్న ఉన్నాడు. లండన్‌లో పేరుమోసిన వంటవాడు అలెక్సిస్ సోయర్ 1849లో బల్ల మీద పెట్టుకునే చిన్న స్పిరిట్ స్టవ్వును అమ్మి డబ్బు చేసుకున్నాడు. 1855లో క్రిమియా యుద్ధానికి పోయేసరికి ఆ చిన్నది పక్కన పెట్టి, పీపాలాంటి పెద్ద పొయ్యి చేయించాడు. అడుగున మంట, పైన పీపాలోనే కూర్చునే గుండిగ. బరువంతా పీపా గోడలు మోస్తాయి, మంటకు గాలి తగలదు. బ్రిటిష్ సైన్యం దాన్ని నూరేళ్లకు పైగా వాడింది.

అంతకుముందు మన ఓరుగల్లులో? క్రీడాభిరామం కావ్యం తిరగేస్తే పూటకూళ్లింట్లో రూకకు దొరికే భోజనం వర్ణన నోరూరిస్తుంది: కప్పురభోగి బియ్యం అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, కొత్తగా కాచిన నెయ్యి, అరటిపండ్లు, గడ్డపెరుగు. పొయ్యి మాత్రం కనపడదు. కవులకు విస్తరి కనిపించినంతగా వంటిల్లు కనిపించదు. కాకతీయుల సేనలు ఏ పొయ్యి మీద గంజి కాచుకున్నాయో, పాకాల చెరువు కట్ట పోసిన వేలమంది కూలీలకు ఎవరు ఎలా వండిపెట్టారో రాసినవాడు లేడు. శాసనాల్లో రాజులున్నారు, దానాలున్నాయి. ఆ కట్ట మీద పొద్దుగూకే వేళ లేచిన పొగ లేదు.

రాత లేకపోయినా చేతుల్లో మిగిలింది గాడిపొయ్యి. పెళ్లికీ చావుకీ ఊళ్లో వందమందికి వండాలంటే తవ్వేది అదే. గాలి వచ్చే దిక్కుకు మూతి పెట్టి పొడుగ్గా ఒక గాడి తవ్వుతారు, పైన గుండిగలు వరుసగా కూర్చుంటాయి. కట్టెలు మూతి దగ్గరే తోస్తారు. మంట ముందు గుండిగను ఉడికించి, సెగ వెనక గుండిగను తాకి, చివరికి పొగగా లేస్తుంది. నాన్సెన్ కుక్కర్ చేసిన పనే, అల్యూమినియం లేకుండా. బరువు మోసేది భూమి, దానికంటే గట్టి స్టాండు ఎక్కడ దొరుకుతుంది? ఈ పొయ్యి తవ్వే కొలత తెలిసిన ముసలివాళ్లు తగ్గిపోతున్నారు. ఇప్పుడు ఫంక్షన్ హాళ్ల వెనక గ్యాస్ భట్టీలు రొద పెడుతుంటాయి. బగారా అన్నం ఉడుకుతుంది గానీ, దమ్ముకు మూత మీద కట్టె నిప్పులు వేసినప్పటి వాసన ఆ భట్టీకి రాదు. నామాట కాదంటే ఆ అన్నం తిన్న పెద్దవాళ్లను అడగండి.

పంపు స్టవ్వు వరంగల్‌లో రాజ్యమేలిన కాలం వేరు. 1959లో ఇంజనీరింగ్ కాలేజీ, మెడికల్ కాలేజీ రెండూ వచ్చాక హన్మకొండలో అద్దె గదులు నిండాయి. గదికి ఇద్దరో ముగ్గురో, మంచం కింద ఒక పంపు స్టవ్వు, సీసాలో గాసునూనె. పంపు కొట్టడం ఒకరి వంతు, బియ్యం కడగడం ఇంకొకరి వంతు. రంధ్రం పూడుకుపోతే రేకు పిడి ఉన్న పిన్నుతో పొడవాలి. పొడిచేటప్పుడు మరీ గట్టిగా నెడితే రంధ్రం పెద్దదై మంట పచ్చగా మారి గిన్నెలన్నీ మసి. పంపు తోలు వాషర్ ఎండితే ఒక చుక్క నూనె వెయ్యాలి. ఇవన్నీ తెలిసిన బాగుచేసేవాడు సంచి భుజాన వేసుకుని వీధిలో కేక వేస్తూ వచ్చేవాడు. ఆ కేక ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ గుర్తు లేదు.

ఆ స్టవ్వుకు ఇంకో చరిత్ర కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. 1980ల పేపర్లలో ‘స్టవ్వు పేలి కోడలు మృతి’ అన్న వార్త పదేపదే కనిపించేది. అత్తకో మామకో ఎప్పుడూ పేలని స్టవ్వు కోడలి చేతిలోనే ఎందుకు పేలుతుందని మహిళా సంఘాలు అడిగాయి. వరకట్న హింస మీద 498ఎ సెక్షన్ 1983లో, వరకట్న మరణాల మీద 304బి 1986లో వచ్చాయి. నిజంగా పేలిన స్టవ్వులూ ఉన్నాయి. పేలకుండానే నింద మోసినవీ ఉన్నాయి.

తర్వాత గ్యాస్ వచ్చింది. ఇండేన్ మొదటి సిలిండర్ 1965లో కలకత్తాలో ఇచ్చారు. మన పల్లెల ఆడవాళ్ల దాకా అది చేరడానికి 1999 నాటి దీపం పథకం దాకా ఆగాల్సి వచ్చింది. ఐదు కిలోల సిలిండర్ 2013 నుంచి పెట్రోలు బంకుల్లోనూ దొరుకుతోంది. దాని మీదే బర్నర్ బిగించుకుంటే పిక్నిక్ స్టవ్వు తయారు. జాతరకు అదే ప్రయాణం కట్టింది.

మేడారం ఇప్పుడు ములుగు జిల్లా, 2016 దాకా వరంగల్ జిల్లానే. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ, సమ్మక్క చిలకలగుట్ట దిగి గద్దెకు వచ్చే ఆ నాలుగు రోజులూ అడవిలో లక్షల పొయ్యిలు వెలుగుతాయి. ఒకప్పుడు ఎడ్లబండ్ల మీద వచ్చేవాళ్లు మూడు రాళ్లు ఏరుకుని కట్టెలు పెట్టేవాళ్లు. ఇప్పుడు కార్ల డిక్కీలోంచి చిన్న సిలిండర్ దిగుతుంది. తిప్పలు అక్కడే మొదలు.

లెక్క చూడండి. పది లీటర్ల నీళ్లు ఇరవై అయిదు డిగ్రీల నుంచి మరగాలంటే ముప్పావు యూనిట్ కరెంటుకు కొంచెం మించిన వేడి కావాలి. ఆరుబయట సగం వేడి గాలికి పోతుంది. రెండున్నర కిలోవాట్ల చిన్న బర్నర్ మీద అది ముప్పావు గంట పని. నీళ్లకే ఇంతయితే కూర ఎప్పుడు ఉడకాలి? పైగా చిన్న మంట గంజు నడిమికే తగులుతుంది, నడుమ మాడుతుంది, అంచున పచ్చిగా ఉంటుంది. పెద్ద బర్నర్ బిగిస్తే ఇంకో చిక్కు. లోపలి ద్రవం ఆవిరయ్యేటప్పుడు వేడి గుంజుకుంటుంది కాబట్టి చిన్న సిలిండర్ చల్లబడి ఒళ్లంతా చెమర్చుతుంది, మంట నీరసిస్తుంది. గాలికి అడ్డంగా చుట్టూ రేకు పెడితే, వెడల్పాటి గంజు కింద చిక్కిన సెగ సిలిండర్ మీదికే దిగుతుంది. ఇది అన్నిటికంటే ప్రమాదం. సిలిండర్‌ను వేడి నీళ్లలో పెట్టే తెలివితేటలు కూడా కొందరికి ఉంటాయి, ఆ జోలికి పోవద్దు.

అవ్వ ఎవరైనా ఉంటే ఇదంతా ఒక్క మాటలో తేలుతుంది: “అండ్ల పెడితే పడిపోతది కొడుకా, పోయి రాళ్లు తే.” మూడు రాళ్లు బరువు మోస్తాయి, మధ్యలో రబ్బరు గొట్టంతో దూరంగా ఉన్న సిలిండర్‌కు కలిపిన ఒట్టి బర్నర్ ఒక్కటే కూర్చుంటుంది. గాలి వచ్చే పక్క మాత్రం ఇటుకలు, మిగతా పక్కలు తెరిచి. గంజు కింద పాత దోశ పెనం ఒకటి పెడితే సెగ అంచుల దాకా పరుచుకుంటుంది.

రాళ్లు దొరకనివాళ్ల కోసం వెల్డింగ్ షాపుల్లో ఇనుప చువ్వలతో మూడు కాళ్ల స్టాండు చేసిస్తారు. ఎంత బరువైనా మోస్తుంది. కాకపోతే షాపువాళ్లకు కట్టెల పొయ్యి కొలతే అలవాటు, ఎత్తు నాలుగు వేళ్లు ఎక్కువ పెట్టేస్తారు. గ్యాస్ మంట అంత ఎత్తుకు అందదు, సెగంతా మధ్యలోనే గాలికి కొట్టుకుపోతుంది. చేయించుకునేవాళ్లు బర్నర్‌ను వెంట తీసుకుపోయి, మంట కొస గంజు అడుగుకు తగిలేట్టు కాళ్లు కోయించుకోవాలి.