పొత్తముల బీరువా

తాళపత్రములకు బీరువాతో పనిలేకుండెను. ఆకులను రెండు చెక్కపలకల నడుమ పేర్చి, త్రాట గట్టి, గుడ్డలో చుట్టి పెద్దలు పెట్టెలలో భద్రపరచిరి. తంజావూరు సరస్వతీమహలునందు తెలుగు తాళపత్రప్రతులు నేటికిని పెక్కు గలవు. 1854లో చెన్నపట్టణమున వావిళ్ళవారి ముద్రణాలయము వెలసెను. అచ్చుపుస్తకములు ఇండ్లకు రాసాగినకొలది వానిని నిలువబెట్టుటకు అరలు, దుమ్ము పడకుండ అద్దపు తలుపులు గల బీరువాలు అవసరమయ్యెను. తమిళదేశమున స్థిరపడిన మన కుటుంబములలో అట్టివి ఇంకను కొన్ని మిగిలియున్నవి.

పాత బీరువాను కొనదలచినవారు పైమెరుగును చూచి మోసపోరాదు. వెనుకచెక్కను వ్రేలితో తట్టవలెను. గుల్లధ్వని వచ్చినను, కాళ్ళకడ సన్నని పొడి రాలియున్నను పురుగు పట్టెనేమోయని శంకింపవలెను. పలుచని అరలు పుస్తకముల బరువునకు వంగిపోవును. ఇంటికి తెచ్చిన పిదప గోడకు ఆనింపక కొంత యెడముగా నుంచినచో చెమ్మ తగులదు. వసకొమ్ము ముక్కలను మూటగట్టి అరలలో నుంచుట పెద్దలెఱిగిన ఉపాయము.

ఒక మనవి. నేడు మన పిల్లలలో పెక్కుమంది తెలుగు మాటలాడుదురు గాని చదువనేరరు. అందుచే పెద్దల యనంతరము బీరువాకు వెల కట్టి, లోని పొత్తములను తూకమునకు వేయుచున్నారు. క్రింది అరను పిల్లల చేతికందు తెలుగు పుస్తకములకు విడిచిపెట్టవలెను. చదువరి లేని యింట ఎంత మేలైన బీరువాయు వట్టి కొయ్యయే.