హైదరాబాదు పేరు మోసిన విమానం

వత్సవాయి నుంచి ఉత్తరంగా బండి కట్టుకుని పోతే ఒకప్పుడు కొద్ది మైళ్లలోనే రాజ్యం మారిపోయేది. ఇటు మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లా, అటు నైజాం ఇలాకాలోని మధిర తాలూకా. ఇటు చెల్లేది కల్దారు రూపాయి, అటు చెల్లేది హాలీ సిక్కా. హద్దు దాటే సరుకుకు కరోడ్‌గిరీ నాకాలో సుంకం కట్టాలి. చుట్టరికాలు మాత్రం ఏ నాకా దగ్గరా ఆగేవి కావు. పిల్లనిచ్చిన ఊరు అటుంటే, పిల్లను తెచ్చుకున్న ఊరు ఇటుండేది.

నందిగామ వైపు పోతే ఇంకా చిత్రం. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయినా, వజ్రాల గనులున్న పరిటాలనూ దాని చుట్టుపక్కల ఊళ్లనూ నైజాం వదులుకోలేదు. నాలుగు వైపులా బ్రిటిష్ జిల్లా, నడుమ నవాబుగారి ఊళ్లు. పరిటాల రైతు కట్టిన శిస్తు హైదరాబాదుకు, పక్క ఊరి రైతు కట్టిన శిస్తు మద్రాసుకు వెళ్లేది.

ఆ శిస్తులు ఎక్కడెక్కడ ఖర్చయ్యాయో వెతుక్కుంటూ పోతే దారి లండన్ శివారు హెండన్ దాకా సాగుతుంది. అక్కడి రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి బాంబర్ విమానం ఒకటుంది. డీహెచ్‌9ఏ రకం, నంబరు ఎఫ్‌1010. దాని ఒంటి మీద ఇంగ్లీషు అక్షరాల్లో, హైదరాబాదు నిజాం ప్రభువు బహూకరించినది అని రాసి ఉంది. 1918లో జర్మనీ మీద యుద్ధానికి వెళ్లి తిరిగి రాని విమానం అది. అది నేలకు దిగిన తర్వాత జరిగిన కథ అది ఎగిరిన కాలం కంటే ఎంతో పొడుగైనది.

యుద్ధానికి విమానాలు కానుకగా ఇచ్చే ఆచారం ఆ రోజుల్లో బ్రిటిష్ సామ్రాజ్యం అంతటా ఉండేది. సంస్థానాధీశులు, జమీందారులు, నగరాలు, క్లబ్బులు డబ్బిచ్చేవారు. ఇచ్చినవాళ్ల పేరు విమానం పక్కల మీద పెయింటుతో రాసేవారు. గుడికి గంట చేయించి దాత పేరు చెక్కించినట్టే. గంట ఊళ్లోనే ఉండి మోగుతుంది గనుక దాత దాన్ని రోజూ వినగలడు. ఈ కానుక మాత్రం ఏడు సముద్రాల అవతల, దాత ఎన్నడూ చూడని ఆకాశంలో ఎగిరేది.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దెనెక్కాడు. యుద్ధంలో హైదరాబాదు లాన్సర్లు పాలస్తీనా రంగందాకా వెళ్లారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకం మీద నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాదు సిపాయిది. గుర్రపు దళంతో నిజాం ఊరుకోలేదు. ఒకటి రెండు విమానాలు కాకుండా ఒక స్క్వాడ్రన్‌కు మొదట కావలసిన విమానాలన్నీ తనే ఇచ్చాడు. అందుకే రాయల్ ఎయిర్ ఫోర్స్ 110వ స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాదు చేరింది. ఆ డబ్బు సర్కారు ఖజానాదైనా, నవాబుగారి సొంత సర్ఫ్-ఎ-ఖాస్ భూములదైనా, మూలం నాగలి పట్టినవాడు కట్టిన శిస్తే. మధిర తాలూకా మెట్ట పొలాల్లో జొన్న పండించినవాడికి తన కష్టంలో పిసరంత రెక్కలు కట్టుకుని ఎగురుతోందని చెప్పినవాళ్లు ఉండి ఉండరు.

ఆ విమానాన్ని దగ్గరగా చూస్తే ఈ కాలపు కంటికి అది యుద్ధ యంత్రంలా కనపడదు. కర్ర చట్రం, దాని మీద బిగించిన నార గుడ్డ, ఆ గుడ్డ డోలు చర్మంలా బిగుసుకోవడానికి పూసిన డోపు పూత. ఒకదాని మీద ఒకటి రెండు వరసల రెక్కలు, వాటి నడుమ కర్ర నిట్టాళ్లు, అడ్డదిడ్డంగా లాగి కట్టిన తీగలు. ఈ చివరి నుంచి ఆ చివరికి రెక్కల వెడల్పు 14 మీటర్లు. ముందు భాగంలో అమెరికాలో తయారైన 12 సిలిండర్ల లిబర్టీ ఇంజను, శక్తి 400 హార్స్‌పవర్. గంటకు దాదాపు 190 కిలోమీటర్ల వేగం ఆనాటికి గొప్ప వేగమే. పైకప్పు లేని రెండు గుంటల్లాంటి సీట్లు ఉండేవి. ముందు సీట్లో నడిపేవాడు, వెనక సీట్లో తుపాకీ తిప్పుతూ కాపలా కాసేవాడు. వేల అడుగుల ఎత్తులో, కొరికేసే చలిలో గంటల తరబడి గాలికి ఎదురుగా కూర్చోవాలి. వీపుకు కట్టుకుని దూకే పారాచూట్ బ్రిటిష్ విమానాల్లో ఇంకా రాలేదు. మంటలు లేస్తే దారి లేదు.

ఎఫ్‌1010ను ఇంగ్లండులోని యోవిల్‌లో వెస్ట్‌ల్యాండ్ కంపెనీ కట్టింది. 110వ స్క్వాడ్రన్ 1918 సెప్టెంబరు మొదట్లో ఫ్రాన్సు చేరి, పట్టపగలు జర్మన్ పట్టణాల మీద బాంబులు వేసే పనికి దిగింది. యుద్ధం ముగియడానికి ఇంకా రెండు నెలల పైచిలుకు మిగిలి ఉంది. అంత కొద్ది కాలంలోనే ఆ స్క్వాడ్రన్‌లో 17 విమానాలు శత్రు భూమి నుంచి తిరిగి రాలేదు. మరో 28 ప్రమాదాల్లో పాడయ్యాయి. అది వేసిన బాంబుల బరువంతా కలిపి పదిన్నర టన్నులు.

అక్టోబరు 5న జర్మనీలోని కైజర్స్‌లాటర్న్, పిర్మాసెన్స్ వైపు వెళ్లిన గుంపులో ఎఫ్‌1010 ఉంది. నడిపినవాడు కెప్టెన్ ఇంగ్లిస్, వెనక సీట్లో సెకండ్ లెఫ్టినెంట్ బోడ్లీ. విమానం శత్రు భూమి మీదే నేలకు దిగిపోయింది. ఇద్దరూ ప్రాణాలతో బయటపడి జర్మన్లకు ఖైదీలయ్యారు. సరిగ్గా 37 రోజులకు, నవంబరు 11న యుద్ధం ఆగింది.

అదే అక్టోబరులో ఇక్కడి ఊళ్లలో ఏం జరుగుతోందో కూడా చెప్పుకోవాలి. యుద్ధం నుంచి ఓడల మీద వచ్చి, రైళ్లెక్కి దేశమంతా పాకిన ఇన్‌ఫ్లుయెంజా ఆ శరత్తులోనే జనాన్ని కోత కోసింది. భారతదేశం మొత్తం మీద కోటికి పైగా మనుషులు పోయారు. ఆ ఏడు నైరుతి వానలూ మొహం చాటేశాయి. ధాన్యం ధరలు మండిపోయాయి. ఏ పల్లెల శిస్తు జర్మనీ ఆకాశంలో రెక్కలై ఎగిరిందో, ఆ పల్లెల్లో పాడె మోసే నలుగురు దొరకడం కష్టమైన నెలలవి. విమానం నంబరూ, పడిన తేదీ, అందులోని ఇద్దరి పేర్లూ రికార్డుల్లో భద్రంగా ఉన్నాయి. ఆ ఊళ్లలో పోయినవాళ్లకు అలాంటి లెక్క లేదు. కానుక విమానం కథను దాత పేరు దగ్గర ఆపేస్తే, దాని ఖరీదులో సగమే చెప్పినట్టవుతుంది.

చిక్కిన విమానాన్ని జర్మన్లు తగలబెట్టలేదు. గెలుపు గుర్తుగా దాచుకున్నారు. తర్వాత యుద్ధంలో ఓడిపోయినా దాన్ని మాత్రం వదలలేదు. 1936లో బెర్లిన్‌లో పెద్ద విమాన మ్యూజియం తెరిచినప్పుడు నిజాం పేరున్న ఈ బాంబర్ అక్కడ ప్రదర్శనలో నిలిచింది. ఏడేళ్లు తిరిగేసరికి రెండో యుద్ధం బెర్లిన్ నెత్తి మీదికే వచ్చింది. 1943 నవంబరు బాంబుదాడుల్లో ఆ మ్యూజియం ధ్వంసమైంది. మిగల్చగలిగిన విమానాలను తూర్పుకు తరలించారు. యుద్ధం ముగిసి హద్దులు మారేసరికి ఆ తావులన్నీ పోలండులో ఉన్నాయి. దేశమంతా శిథిలమై, తినడానికి తిండి కరువైన రోజుల్లో పోలిష్ జనం ఆ పాత చట్రాలను పొయ్యిలోకి వాడుకోకుండా నిలబెట్టారు. అందుకు వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. చివరికి అవి క్రాకోవ్‌లోని విమాన మ్యూజియానికి చేరాయి.

1977లో ఒక మార్పిడి జరిగింది. బ్రిటిష్‌వాళ్లు ఒక స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాన్ని క్రాకోవ్‌కు ఇచ్చి, ఎఫ్‌1010ను తెచ్చుకున్నారు. శత్రువు చేతికి చిక్కిన 59 ఏళ్లకు అది ఇంగ్లండు చేరింది. చేరినప్పుడు అది ఎగిరి వచ్చిన పక్షి కాదు, పాత కలప పోగు. వడ్రంగులు, దర్జీలు, ఇంజను మెకానిక్కులు ఏళ్ల తరబడి దాని మీద పనిచేశారు. బతికున్న కర్రను బతికించి, పోయిన భాగాల స్థానంలో పాత కొలతల ప్రకారం కొత్తవి చేశారు. గుడ్డ తొడిగి, డోపు పూసి, చివరగా పక్కల మీద దాత పేరు మళ్లీ రాశారు. 1983లో హెండన్‌లో జనం ముందు పెట్టారు.

ఇలాంటి పాత విమానాలు మన దేశంలోనూ బయటపడ్డాయి. రాజస్థాన్‌లోని బికనీర్ కోటలో, ఏనుగుల శాలలో దుమ్ము పట్టిన డీహెచ్‌9 విమానాల చట్రాలు దొరికాయి. వాటిలో రెండు ఇంగ్లండు వెళ్లాయి. ఒకదాన్ని అక్కడి నిపుణులు మళ్లీ తయారుచేసి 2019లో గాల్లోకి ఎగరేశారు. బికనీర్‌లో మిగిలిన దాన్ని ఇప్పటికీ అక్కడి జునాగఢ్ కోటలో చూడొచ్చు. బికనీర్ పిల్లలకు తమ రాజుల విమానం కళ్ల ముందుంది. తెలుగు పిల్లలకు హైదరాబాదు విమానం చూడాలంటే లండన్ పోవాలి.

విమానం జర్మన్ల చేతిలో ఉన్న కాలంలో దాని పేరు మాత్రం ఎగురుతూనే ఉంది. 1939 సెప్టెంబరు 4న, రెండో యుద్ధం ప్రకటించిన మర్నాడే, జర్మన్ నౌకల మీద బ్రిటన్ మొదటి బాంబుదాడి చేసింది. దానికి ముందు నడిచినవి 110వ హైదరాబాదు స్క్వాడ్రన్ విమానాలే. అదే యుద్ధంలో నిజాం పేరు మరో రెండు స్క్వాడ్రన్లకు కలిసింది. 152వ హైదరాబాదు స్క్వాడ్రన్ 1940లో ఇంగ్లండు దక్షిణ తీరాన్ని స్పిట్‌ఫైర్లతో కాపాడింది. 1943 చివర భారతదేశానికి వచ్చి బర్మా రంగంలో పోరాడింది. దాని చిహ్నంలో ఉన్నది తలపాగా. దాని నినాదం నమ్మకమైన మిత్రుడు, అంటే బ్రిటిష్‌వాళ్లు నిజాముకు ఇచ్చిన బిరుదే. 253వ స్క్వాడ్రన్‌ది హైదరాబాదు రాజ్యం పేరు.

హద్దుకు ఇటువైపూ ఇదే తీరు. మద్రాసు ప్రెసిడెన్సీ పేరుతో 79, 234, 264 నంబర్ల స్క్వాడ్రన్లు ఎగిరాయి. వత్సవాయి, జగ్గయ్యపేట రైతులూ ఆ ప్రెసిడెన్సీ జనమే. ఒకే మునేరు నది నీళ్లు తాగిన రెండు గట్ల మనుషులు, ఎరగకుండానే ఇంగ్లండు ఆకాశంలో రెండు పేర్లతో ఇరుగుపొరుగున ఎగిరారు.

తర్వాత ఆ పేర్ల వెనకున్న రాజ్యాలే పోయాయి. 1947లో పరిటాల జనం నవాబు పాలన కాదని తమను తాము స్వతంత్రులుగా ప్రకటించుకున్నారు. 1948 సెప్టెంబరులో భారత సేనలు హైదరాబాదులోకి నడిచాయి. అప్పుడు కృష్ణా జిల్లా వైపు నుంచి వెళ్లిన దారుల్లో ఈ మెట్ట ప్రాంతపు రోడ్డూ ఒకటి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో వత్సవాయికి ఉత్తరాన ఉన్న హద్దు చెరిగిపోయింది. నిజాం గద్దె పోయిన చాలా ఏళ్ల తర్వాత కూడా 110వ హైదరాబాదు స్క్వాడ్రన్ మాత్రం మలేషియా, సింగపూర్ వైపు హెలికాప్టర్లు నడుపుతూ ఉంది. 1971లో దాన్ని రద్దు చేశారు.

హెండన్‌లోని విమానాన్ని వెనక్కి తెమ్మని ఎవరూ అడగనక్కర్లేదు. మూడు దేశాల మనుషులు ఒకరి తర్వాత ఒకరు కాపాడితే మిగిలిన వస్తువది. దాని ఫొటో ఒకటి, దాని కథ రెండు పేరాలు మన బడి పుస్తకాల్లో ఉండాలి. బేగంపేట పాత విమానాశ్రయం చూడవచ్చిన పిల్లలకు ఆ ఫొటోను చూపించాలి. దాత పేరు పక్కనే, ఆ డబ్బు ఏ తాలూకాల నుంచి వచ్చిందో కూడా రాయాలి. మధిర పేరూ, పరిటాల పేరూ అందులో ఉండాలి.

చెరిగిపోయిన హద్దు 2014 జూన్ 2న మళ్లీ అదే చోట మొలిచింది. వత్సవాయి మండలం ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. దాటితే ఖమ్మం జిల్లా, తెలంగాణ. రూపాయి మాత్రం మారదు. కరోడ్‌గిరీ నాకా లేదు. పెళ్లిళ్ల కాలంలో ట్రాక్టర్లు, బస్సులు ఆ గీత మీదుగా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి.