తీగలన్నియు సమముగా పలుకవేల?

లేపాక్షి ఆలయ నాట్యమండపములో ఒక స్తంభముపై తుంబురుడు వీణ వాయించుచు కనిపించును. 2022 వరకు అనంతపురము జిల్లాలో ఉండిన ఈ ఊరు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. ఆలయము అచ్యుతదేవరాయల కాలపు నిర్మాణము. ఆ రాజు పేరనే అచ్యుతరాజేంద్రమేళ వీణ అను ఒక వీణను రామామాత్యుడు 1550లో తన స్వరమేళకళానిధిలో వర్ణించెను.

వీణలో తీగ కదలిక గుర్రము ద్వారా కుండకు, కుండ నుండి గాలికి చేరును. తీగ ఉక్కుదైనను ఇత్తడిదైనను కర్ర రెండింటిని స్వీకరించును. విద్యుత్ వాద్యములు ఈ కర్ర దారిని విడిచినవి. అచ్చటనే చిక్కు మొదలైనది.

1951లో అమెరికాలో లియో ఫెండరు ప్రెసిషన్ బేస్ అను నాలుగు తీగల విద్యుత్ గిటారును అమ్మకమునకు తెచ్చెను. దాని తీగల క్రింద అయస్కాంతములు, వాని చుట్టు సన్నని రాగితీగ చుట్ట ఉండును. దీనినే పికప్ అందురు. ఉక్కుతీగ కదలినపుడు అయస్కాంత క్షేత్రము మారి చుట్టలో విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. ఈ పరికరమునకు చెవి లేదు. అది ఇనుము కదలికనే గుర్తించును. వీణపై ఇత్తడి తీగ ఎంత ఇంపుగా మ్రోగినను ఇట్టి పికప్‌కు దాదాపు వినబడదు. కంచు చుట్టిన బేస్ తీగలో లోపలి ఉక్కు మాత్రమే పనిచేయును. అందుచేత దాని ధ్వని తగ్గును.

ఇనుము తరువాత దూరము. వ్రేళ్లు నొక్కు పలక సాధారణముగా నడుమ కొంచెము ఉబ్బుగా ఉండును. తీగలు ఆ వంపునే అనుసరించును. అయస్కాంతముల తలలు ఒకే ఎత్తున ఉన్నచో నడిమి తీగలు దూరమై మెల్లగా పలుకును. 1954 నాటి స్ట్రాటోకాస్టర్ గిటారులో ఫెండరు అయస్కాంతములను హెచ్చుతగ్గులుగా అమర్చెను. ఆనాటి మూడవ తీగపై లోహపు చుట్టు ఉండెడిది. తరువాత చుట్టులేని తీగ వాడుకలోనికి వచ్చినను ఆ అమరిక చాలకాలము మారలేదు. ఫలితముగా మూడవ తీగ మిగిలినవానిని మించి మ్రోగెను. యంత్రములకును పాత అలవాట్లు ఉండును కాబోలు!

1957లో బేస్ పికప్‌ను రెండు ముక్కలు చేసి, ఒక్కొక్క తీగకు రెండేసి అయస్కాంతములను అమర్చిరి. ఒక్కొక్క ముక్కను మరలతో విడిగా ఎత్తవచ్చును, దించవచ్చును. కనుక ఒక తీగ మందముగా పలికినచో ముందు క్రొత్త తీగను బిగించి చూడవలెను. లోపము అట్లే నిలిచినచో తీగను చివరి మెట్టు వద్ద నొక్కి, పికప్‌కు గల ఎడమును కొలిచి, ఆ వైపును కొద్దికొద్దిగా ఎత్తవలెను. మరీ దగ్గరైనచో అయస్కాంతము తీగనే లాగును. శ్రుతి చెడును, నాదము త్వరగా ఆగిపోవును.